మైసమ్మ ఎదుట మీసం

నాకు ఉద్యోగం దొరికిన ఆ కాలంలో గోదావరిఖని ఆడవాళ్ళకు కోపం ఉండేది కానీ, దాన్ని పెట్టుకోవడానికి చోటు ఉండేది కాదు. ఇంట్లో చూపిస్తే గయ్యాళి అనేవారు, బాయి దగ్గర చూపిస్తే (మా దగ్గర బొగ్గు గనిని బాయి అనే అంటాం) పొగరు అనేవారు. అందుకని అందరం పళ్ళ కింద పెట్టుకుని నమిలేవాళ్ళం. నా దవడ పళ్ళు తొందరగా అరిగిపోవడానికి కారణం వక్కలని పళ్ళ డాక్టరు అంటాడు. ఆయనకేం తెలుసు! ఈ వయసులో నాలుగు అక్షరాలు నేర్చుకున్నాను కనుక ఆ కోపంలో కొంత కాగితం మీద పెడుతున్నాను. ఇంకా చల్లారలేదు, జాగ్రత్తగా చదవండి.

బాయిలో మా ఆయన నడుము దెబ్బతిని ‘అన్‌ఫిట్’ అయితే, ఆయన బదులు నాకు ఉద్యోగం ఇచ్చారు. అప్పట్లో ఆడవాళ్ళను కిందికి దింపేవారు కాదు, అన్నీ పైపనులే. మొదట బొగ్గు నిలవ పోసే బంకరు కింద రాలిన పొడి ఊడ్చాను. ఆ పొడికి ఉబ్బసం పట్టుకుంది, దగ్గితే నల్లగా పడేది. బతిమాలుకుంటే ల్యాంపు రూములో వేశారు. షిఫ్టుకు వచ్చినవాళ్ళు టోపీకి తగిలించుకునే లైట్లను కిటికీలోంచి అందివ్వడం నా పని. దుమ్ము లేదు, పైగా కుర్చీ! అందులో కూర్చున్న మొదటి రోజు నేను కలెక్టరునే అనుకోండి. కానీ అక్కడ ఒక ఆచారం ఉండేది. షిఫ్టులో మొదటి లైటు ఆడదాని చేతి మీదుగా పోకూడదు. పోతే బోణీ చెడి, లోపల పైకప్పు కూలుతుందట. అందుకని మొదటిది ల్యాంపు రూము తాత ఇచ్చేవాడు, మిగతావన్నీ నేను ఇచ్చేదాన్ని.

ఒకరోజు పొద్దుటి షిఫ్టుకు తాత రాలేదు, జ్వరం. కిటికీ ముందు వరుసలో మొదట మీసాల కాక ఉన్నాడు. మా బాయిలో అందరికంటే పాత మనిషి. ఆయన నిలబడితే వెనక అందరూ నిలబడాల్సిందే. నేను లైటు చాపాను. ఆయన చేతులు కట్టుకున్నాడు.

“నీ మీద కోపం కాదు బిడ్డా, బోణీ ముచ్చట. మొగోన్ని ఎవన్నన్న పిలువు.”

“ఎవల్ని పిలువాలె కాకా? లోపట నేనొక్కదాన్నే ఉన్న.”

“అయితే ఆగుతం.”

ఆగారు. సైరన్ కూసింది. వరుస గేటు దాకా పెరిగింది. షిఫ్టును నడిపించే ఓవర్‌మెన్ ఉరికొచ్చి, వాళ్ళను ఒక్క మాట అనకుండా నా మీద పడ్డాడు. “ఏందమ్మా, లైట్లిచ్చుడు గూడ చేతగాదా? గిట్లయితే రేపటి సంది మళ్ల బంకరుకే పో!” లైటు తీసుకోనిది వాళ్ళు, చేతకానిదాన్ని నేను!

అప్పుడు వరుసలోంచి నాకు మరిది వరసయ్యే జోకుల మనిషి ఒకడు అరిచాడు. “కాకా, వదినె నెత్తికి టోపీ పెట్టు, మూతికి మీసం పెట్టు. మొగోడైతది, బోణీ దక్కుతది!” అందరూ పడీపడీ నవ్వారు. నవ్వనిది మీసాల కాక ఒక్కడే. ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించి, “గది నడుస్తది” అన్నాడు. ఓవర్‌మెన్ కూడా “జల్ది కానియ్యున్రి” అన్నాడు (చదువుకున్న మనిషి!).

నాకు బంకరు పొడి గుర్తొచ్చింది. టోపీ పెట్టుకున్నాను. కిటికీ గట్టు మీది మసి వేలితో తీసి మీసం నేనే దిద్దుకున్నాను, కాక మీసం కంటే పొడుగ్గా. ఒక్కొక్కరూ నా మూతి చూసి కిసుక్కుమంటూ లైటు తీసుకున్నారు. ఆఖరి లైటు వెళ్ళేసరికి నా పళ్ళ కింద ఇక చోటు లేదు.

బాయి మూతి దగ్గర మైసమ్మ ఉంటుంది. ఆమెకు మొక్కకుండా ఎవరూ దిగరు. వాళ్ళు టోపీలు తీసి వంగబోతుండగా నేను ల్యాంపు రూములోంచి ఉరికి, తల్లికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను.

“ఆగున్రి! ఎవలకు మొక్కుతున్రు? ఈమె ఆడిది. బోణీ చెడ్తది. మొగోన్ని చెప్తున్న, ఇనున్రి!”

“పక్కకు జరుగు వదినె,” అన్నాడు జోకుల మరిది, ఈసారి నవ్వకుండా. “మైసమ్మతోని పరాచికాలా?”

“వదినె ఎవల్రా? అన్న అను! ఏం కాకా, రాయైతే తల్లి, రక్తముంటే అపశకునమా? చెప్పు, ఈమెకు గూడ మీసం పెడుదామా? మసి తెస్త!”

కాక తన లైటు విప్పి, నా దగ్గరికి వచ్చాడు. “టోపీ తియ్యి” అన్నాడు. తీశాను. కొంగుతో మీసం తుడుచుకుంటే అది రెండు చెంపలకూ పాకింది. లైటు నా చేతిలో పెట్టి, మళ్ళీ నా చేతిలోంచే తీసుకున్నాడు. “ఇగో, మొదాలు నీ చేతిదే తీసుకున్న. నాకేమన్నైతే నా పెండ్లానికి నువ్వే జవాబు చెప్పాలె.” మొక్కి, దిగిపోయాడు.

గెలిచాను అనుకుంటారు మీరు. ఆ షిఫ్టంతా నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. కింద నుంచి గంట మోగితే చాలు, కిటికీలోంచి తల బయటికి పెట్టి చూసేదాన్ని. కప్పు కూలడానికి వంద కారణాలుంటాయి, కానీ ఆ రోజు కూలితే మాత్రం కారణం నా చెయ్యే! మగవాళ్ళ చేతి మీదుగా లైట్లు పోయిన రోజుల్లో ఎన్నిసార్లు కూలలేదు? అప్పుడు ఎవరైనా తాత చేతిని తిట్టారా? ఇలా మండిపడుతూనే మైసమ్మ దగ్గరికి నాలుగైదుసార్లు పోయి మొక్కాను. “తల్లీ, ఆ ముసలాయన్ని సల్లంగ పైకి పంపు. ఆయన కోసం కాదు, నా చెయ్యి కోసం.”

షిఫ్టు ముగిసే వేళకు కాక వచ్చాడు, ఒళ్ళంతా నల్లగా, మొహం మాడ్చుకుని.

“ఏమైంది కాకా?”

“సద్ది పులిసింది బిడ్డా. నీ బోణీ గంతవరకే పని చేసింది.”

మరునాడు తాత జ్వరం తగ్గి వచ్చినా కాక నా కిటికీ ముందే నిలబడ్డాడు. నా కుర్చీ నాకు మిగిలింది. తప్పయిందని మాత్రం ఆయన రిటైరయ్యేదాకా అనలేదు. మగవాళ్ళలో ఆ మాట బాయి కంటే లోతున ఉంటుంది, తవ్వితీసే యంత్రం ఇంకా రాలేదు.

నేనూ రిటైరయ్యాను. ఇప్పుడు ఆడపిల్లలు ఇంజనీర్లయి, మీసాలు దిద్దుకోకుండానే బాయిలోకి దిగుతున్నారు. మా పక్కింటి పిల్ల ఒకతె రోజూ అలాగే పోతుంది. అన్నేళ్ళు లైట్లు అందించాను గానీ, అవి వెలిగే చీకటిని నేను ఒక్కసారీ చూడలేదు. మొన్న ఆ పిల్లను ఆపి అడిగాను.

“ఎట్లుంటది బిడ్డా లోపట?”

“ఏముంటది అవ్వా, ఉక్కపోస్తది,” అని స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది.

ఉక్కపోత! ఇంత చిన్న ముచ్చటనా తరతరాలుగా మాకు దక్కకుండా దాచుకున్నది అని ముందు ఒళ్ళు మండింది. తరువాత నవ్వొచ్చింది. అయినా సరే, ఒక్కసారి ఆ ఉక్కపోతలో నేనూ తడిసి, పైకొచ్చి, గాలికి నిలబడి “అబ్బా” అని ఉంటే ఎంత బాగుండేది!