కోట గేటు కాపలావాడు

మా అబ్బాయి ఇవాళ ఫోన్‌లో ఏదో పాత గేమ్ ఆడుతుంటే, కోట గేటు దగ్గర బల్లెం పట్టుకుని నిలబడ్డ కాపలావాడు కనిపించాడు. తాగుతున్న టీ చేతిలోనే చల్లారిపోయింది.

కిరండూల్ ఇనుప గనుల క్వార్టర్స్‌లో పెరిగినవాళ్లకి, మా లైను మొత్తానికీ ఒక్కటే ఉన్న బాబ్జీ వాళ్ల కంప్యూటర్ గుర్తుందా? ఎంత తుడిచినా కీబోర్డు నిండా ఎర్రదుమ్మే. బాబ్జీది ఇంగ్లీషు మీడియం, నాది హిందీ. అందుకని తెర మీది మాటలు వాడే చదివి చెప్పేవాడు. నేను ఇదే గేమ్ ఆడుతూ ఆ కోట గేటు దాకా వెళ్తే చాలు, "టైమ్ అయిపోయిందంటన్నాడే. గేటేసేశారంట, రేపు రమ్మంటన్నాడు" అనేవాడు. నేను లేస్తేనే కదా వాడి వంతు!

నమ్మి ఇంటికెళ్లిపోయేదాన్ని. ఎందుకు నమ్మనూ? సైరన్ మోగేలోపు గని గేటు దాటాలని మా నాన్న కంచంలో అన్నం వదిలేసి పరిగెత్తడం చూస్తూ పెరిగినదాన్ని.

ఇవాళ ఆ కాపలావాడి మాట నేనే చదివాను. గేమ్ మొత్తంలో పాపం అతనికున్నది ఆ ఒక్క మాటే: "ఈ గేటు ఎప్పుడూ తీసే ఉంటుంది, లోపలికి రా."

బాబ్జీ, నా ప్రతి పోస్టుకీ లైకు కొడతావు. దీనికి కొట్టకు. రెండేళ్లు నన్ను తీసి ఉన్న గేటు ముందు నుంచి ఇంటికి పంపావు కదరా.