రేణుకమ్మ చదివిన లాటిన్

నేను డిగ్రీ కాలేజీలో జాగ్రఫీ చెబుతాను. మాది కాకినాడ, నోరు కాస్త పెద్దది. ఎయిర్‌పోర్టు దగ్గరి కొత్వాల్‌గూడలో రేణుకమ్మ గారింట్లో కిరాయికి ఉంటున్నాను. ఆవిడ ఎకరన్నరలో మక్కలు, అదే మా వైపు మొక్కజొన్న, వేస్తుంది. బడి గడప తొక్కలేదు గానీ, నా మాట ఒక్కటీ ఒక పట్టాన ఒప్పుకోదు.

మొన్న అక్టోబరులో కోత అయ్యాక, ఊళ్లో అందరిలాగే మక్కలను సర్వీసు రోడ్డు మీద ఆరబోద్దామనుకుంది. ఆదివారం పొద్దున్నే ఆకాశం చూసి తటపటాయించింది. "వాన లేదండీ, నిశ్చింతగా పొయ్యండి" అన్నాను నేను. ఫోన్‌లో సూర్యుడి బొమ్మే ఉంది మరి. నన్ను నమ్మి మొత్తం పోసేసింది. తడిస్తే మొలకెత్తుతాయి, ఇక కొనేవాడుండడు. నాలుగు నెలల కష్టమంతా రోడ్డు మీదే ఉంది.

మధ్యాహ్నం రోడ్డు దగ్గరికి ఆవిడకు అన్నం తీసుకెళ్లాను. విమానాలు దిగే వైపు తెల్లటి మబ్బొకటి లేచింది. "గా మబ్బుకు మీ బుక్కుల ఏం పేరు బిడ్డా?" అంది.

"క్యుములస్. లాటిన్ మాట. కుప్ప అని అర్థం. రోమన్లు ఏ పోగునైనా అలాగే అనేవారు. రెండొందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఒకాయన ఆ మాట తెచ్చి మబ్బుకు పెట్టాడు" అన్నాను, క్లాసులో చెప్పినట్టే.

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. "కుప్ప పోసేటోనికే కుప్ప కనిపిస్తది. గాళ్లు సుత కల్లం చేసినోళ్లే. మరి కుప్ప పెరుగుతుంటే ఏందన్నట్టు?"

"బాగా ఎత్తు పెరిగి వాన తెస్తే క్యుములోనింబస్. నింబస్ అంటే వాన మబ్బు. కానీ ఫోన్‌లో..."

"నీ ఫోన్ పొయ్యిల వెట్టు. నేను కూసున్నకాడికెల్లి గది రెండింతలైంది. లే."

నాకు ఒళ్లు మండింది. అయినా తలెత్తి చూశాను. మబ్బు అడుగు నల్లబడింది. ఏళ్ల తరబడి బోర్డు మీద గీసిన బొమ్మ, నెత్తి మీదికొస్తే గుర్తుపట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

చున్నీ నడుముకు బిగించి చెక్కతో మక్కలు నెట్టాను. ఆమె వెనకే ఊడ్చుకొచ్చింది. "గట్ల గాదు, మధ్యల ఎత్తు చెయ్యి, నీళ్లు జారాలె" అని ఆ హడావుడిలోనూ తిడుతూనే ఉంది. టార్పాలిన్ కప్పి అంచుల మీద రాళ్లు పెట్టేసరికి వాన దంచేసింది. ఇద్దరం తడిసి ముద్దయ్యాం.

గంటకు వెలిసింది. రేణుకమ్మ టార్పాలిన్ ఎత్తి, మోచేతి దాకా చెయ్యి దూర్చి గుప్పెడు మక్కలు తీసింది. పొడిగా, వెచ్చగా ఉన్నాయి. నా అరచేతిలో పోసి, కొంగుతో కళ్లొత్తుకుంది.

"నా మాట విన్నందుకు అన్నీ పోయేవి. క్షమించండి" అన్నాను.

"పోలే గదా. రేపు నీ కాలేజీ పిల్లలను గీడికే తోల్కరా, పాఠం ఇద్దరం చెప్దాం" అని నవ్వింది.