ఒక్క బంటును విడిచిపెట్టడం

1959 జూన్ 17, బుధవారం. ఆర్మూరు పసుపు మార్కెట్లో బస్తాల నెట్టు జారి మా మామగారి కుడికాలి మీద పడింది. ఆయన అక్కడ దడువాయి. రైతులు తెచ్చిన పసుపును కాంటా మీద పెట్టి తూకం చెప్పడం ఆయన పని. నిజామాబాదు దవాఖానలో పిండికట్టు వేసి పది వారాలు మంచం దిగవద్దన్నారు. నాకప్పుడు పద్దెనిమిదేళ్ల నాలుగు నెలలు. భీమ్‌గల్ నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చి పదమూడు నెలలు.

పది దినాలు మామగారు ఇంటి దూలాలు చూస్తూ పడుకున్నారు. పదకొండో దినం మార్కెట్ నుంచి తన చదరంగం సంచి తెప్పించుకున్నారు. పని లేని మధ్యాహ్నాలు అక్కడ తోటివాళ్లతో ఆడేవారు. ఇంట్లో ఎవరికైనా షత్రంజ్ వస్తుందా అని అత్తమ్మను అడిగారు. ఆమెకు రాదు, నాకూ రాదు. కానీ నేను మెట్రిక్ పాసైనదాన్ని, లెక్కల్లో నూటికి ఎనభై ఆరు తెచ్చుకున్నదాన్ని. నేర్చుకుంటానని అత్తమ్మ చెవిలో చెప్పాను.

చెవిలో చెప్పడానికి కారణం ఉంది. ఆ ఇంట్లో కోడలు మామ ఎదుట కూర్చోదు, ఆయనతో నేరుగా మాట్లాడదు. అందుకని ఆటకు ఒక ఏర్పాటు కుదిరింది. అరుగు మీద, తలుపు పక్కన మామగారి మంచం. మంచం పక్కన పీట మీద గళ్ల గుడ్డ. పీటకు ఈవల, చేట ఒళ్లో పెట్టుకుని బియ్యం ఏరుకుంటూ అత్తమ్మ. ఆమె వెనక, గడప లోపల, సగం మూసిన తలుపు చాటున నేను. నా ఎత్తు అత్తమ్మకు చెబితే ఆమె పావును జరిపేది. మామగారు నాకు చెప్పదలచుకున్నది ఆమెకు చెబితే ఆమె నాకు చెప్పేది. మధ్యలో ఉన్నది నాలుగు మూరల దూరం, ఒకరి మాట ఒకరికి బాగానే వినబడేది. అయినా అత్తమ్మ చెప్పేదాకా ఇద్దరం విననట్టే ఉండేవాళ్లం.

ఆ ఆట ఇప్పటి పిల్లలు ఆడేది కాదు, పాత దేశీ పద్ధతి. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది. రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. ఇంకొక నియమం ఉంది. ఎదుటివాడి పావులన్నీ తినేసి రాజును ఒంటరిగా నిలబెడితే గెలిచినట్టు కాదు. దాన్ని బుర్జు అంటారు. అది సగం గెలుపు, ఆట అక్కడికి ముగిసినట్టే. పూర్తి గెలుపు కావాలంటే ఎదుటి రాజుకు తోడు ఒక్క పావైనా మిగిలి ఉండగానే అతన్ని ఎటూ కదలకుండా కట్టాలి. దీన్ని మొదటి దినమే నోటు పుస్తకంలో రాసుకున్నాను.

మొదటి పందొమ్మిది ఆటలు ఓడిపోయాను. పుస్తకంలో ప్రతి ఆటకు రెండు వరుసలు గీసేదాన్ని. ఒకదానిలో నేను తిన్న పావులు, రెండోదానిలో నావి పోయినవి. తొమ్మిదో ఆటలో నేను పదకొండు తిన్నాను, మామగారు ఆరు తిన్నారు, గెలిచింది ఆయనే. మళ్లీ లెక్కపెట్టి చూశాను. లెక్క తప్పలేదు.

మంత్రి ఎటైనా ఎంత దూరమైనా పోగలడని తెలిసిన దగ్గరి నుంచి, మూడో ఎత్తులోనే అతన్ని బయటికి తీసేదాన్ని. ఒకనాడు మామగారు మీసం కింద నవ్వుకుంటూ అత్తమ్మతో ఏదో అన్నారు. అత్తమ్మ నా వైపు తిరిగింది.

"నీ గుర్రాలు రెండు కొట్టంల కట్టేసే ఉన్నయట. మంత్రి ఒక్కడే బజారుకు పోయిండట. ఏం కొనుక్కొస్తడు అని అడుగుతుండు మీ మామ."

 ఆరు ఎత్తులు తిరిగేసరికి మంత్రి పోయాడు.

ఆయన ఏదీ పాఠంలా చెప్పలేదు. మార్కెట్లో నడుమ జాగా దొరికినవాడి దగ్గరికి నాలుగు దిక్కుల నుంచీ బండ్లు వస్తాయనీ, గోడకు ఆనుకుని కూర్చున్నవాడికి ఒకటే దిక్కనీ ఒకసారి అన్నారు. గుడ్డ మీది నడిమి నాలుగు గడుల సంగతి నాకప్పుడు అర్థమైంది. ఎదుటివాడు పావును ఊరికే ఎదురు పెట్టినప్పుడు తినే ముందు, ఎందుకు పెట్టాడో చూడమని ఇంకోసారి చెప్పి పంపారు. ఆనాటి నుంచి పుస్తకంలో మూడో వరుస గీశాను. దాని మీద "ఎందుకు" అని రాశాను. మామగారు వేసిన ప్రతి ఎత్తుకూ ఎదురుగా, నాకు తోచిన కారణం రాసేదాన్ని. తోచకపోతే ఖాళీ ఉంచేదాన్ని. జులై మొదట్లో ఖాళీలే ఎక్కువ. నెలాఖరుకు పేజీకి నాలుగో ఐదో మిగిలేవి. మొదట పద్నాలుగు ఎత్తుల్లో ముగిసిన ఆట నలభై దాటి సాగేది. ఇరవయ్యో ఆట గెలిచాను. ఆనాడు మామగారికి జ్వరం ఉంది కాబట్టి దాన్ని చుక్క పెట్టి వేరుగా రాశాను.

ఒక్క సంగతి మాత్రం ఎక్కడా రాసుకోలేదు. మొదటి వారం, గుర్రం ఏది, ఏనుగు ఏది అని అడిగిన అత్తమ్మ, జులై సగానికి వచ్చేసరికి నేను నోరు తెరవకముందే ఒక పావు మీద చెయ్యి వేసి ఉంచేది. తొందర పెడుతోంది అనుకున్నాను.

ఆ దినాల్లో నా పెట్టెలో ఒక దరఖాస్తు ఫారం ఉంది. నిజామాబాదులో టీచర్ ట్రైనింగ్, ఒక ఏడాది. ఆఖరు తేదీ ఆగస్టు 31. చదువు పెళ్లితో ఆగిపోయింది. ఈ ఏడు పోకపోతే మళ్లీ ఏ ఏడూ పోలేనని నాకు గట్టిగా తెలుసు. మా ఆయన నిజామాబాదులోనే గుమాస్తా, శనివారం వచ్చి సోమవారం పోయేవారు. తనకేమీ అడ్డం లేదనీ, ఫారంలో ఇంటిపెద్ద సంతకం అడిగారు కాబట్టి బాపు పెట్టాలనీ అన్నారు. ఆ మాట మామగారికి నేను చెప్పరాదు. అత్తమ్మ చెప్పాలి. అత్తమ్మకు నేను పోవడం ఇష్టం లేదు.

ఆగస్టు 12 నుంచి పది దినాలు ఆమెతో వాదించాను. ఇంటి పని ఎవరు చేస్తారంది. ఏ పని ఏ పూట ఎట్లా సర్దవచ్చో రాసి చదివి వినిపించాను. పసుపు ఉడకబెట్టే దినాల్లో చేతులు చాలవంది. పోయిన పంటకు కల్లంలో నేను పనిచేసింది ఇరవై రెండు దినాలు, అందులో తొమ్మిది దినాలు ఆదివారాలో పండుగ సెలవులో అని చూపాను. ఎక్కడ ఉంటావంది. మా ఆయన గది ఉందన్నాను. నలుగురు నవ్వుతారంది. ఆ వాడలో ఇద్దరు ఆడపిల్లలు ఇప్పటికే టీచర్లని చెప్పాను. 21వ తేదీన ఆమె దగ్గర ఇంకొక్క మాట కూడా లేకుండా చేశాను. అత్తమ్మ చేట తీసుకుని లోపలికి పోయింది. ఫారం సంగతి మామగారి దాకా పోనే లేదు.

23వ తేదీ ఆదివారం నలభై ఆరో ఆట. జ్వరం ఆట తీసేస్తే అప్పటికి నేను ఒక్కటీ గెలవలేదు. ఆనాడు మామగారి మంత్రి తొందరగా పడిపోయాడు. ఒక్కొక్కటే తింటూ పోయాను. చివరికి ఆయనకు రాజు, అంచున ఒక బంటు మిగిలాయి. నాకు రెండు ఏనుగులు, గుర్రం, నాలుగు బంట్లు. బంటు నా ఏనుగు దారిలోనే ఉంది. తినమన్నాను.

అత్తమ్మ ఏనుగును పట్టుకుంది కాని జరపలేదు. మళ్లీ చెప్పాను. వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూసింది. మూడోసారి చెప్పాను. జరిపింది. మామగారు దిండుకు చేరగిలబడి, "బుర్జు" అన్నారు.

రెండు ఎత్తుల్లో కట్టవలసిన రాజు ఒంటరిగా నవ్వుతున్నట్టు నిలబడ్డాడు. అత్తమ్మ పావులు సంచిలో వేస్తూ, నాకు మాత్రమే వినబడేట్టు చెప్పింది.

"గదొక్కటి ఇడిసిపెడితె ఏం పోయేది బిడ్డా? అంత ఊడ్సుకపోతె ఎదుటోడు ఏం జరపాలె?"

"నీకు తెలిసే ఉన్నది గద అత్తమ్మా. ఎందుకు జరిపినవ్?"

"నువ్వు జరుపుమన్నవ్. పది దినాల నుంచి నువ్వు చెప్పినయన్నీ ఇంటున్న గద. నా కాడ ఏం ఉంచినవ్?"

ఆ సాయంత్రం పుస్తకం తెరిచి మూడో వరుసలో రాయబోయి ఆగిపోయాను. అత్తమ్మ చెప్పిన ఒక్కొక్క అడ్డానికీ జవాబు రాసుకున్నాను కాని, ఆ అడ్డం ఎందుకు చెబుతోందో ఒక్కసారీ రాయలేదు. కొడుకు అక్కడ, కోడలూ అక్కడే అయితే ఇద్దరూ ఇక ఆ గదిలోనే ఉండిపోతారని ఆమె భయం. ఆ మాట ఆమె నోటితో అనలేదు. నేను అడగలేదు.

మరునాడు పొయ్యి దగ్గర మెల్లగా అన్నాను. "ట్రైనింగ్‌కు పోతె ఎట్ల పోవాల్నో, ఎప్పుడెప్పుడు రావాల్నో నువ్వే చెప్పు అత్తమ్మా. నాకు తోస్త లేదు."

ఆమె పెనం మీది రొట్టె తిప్పింది. మూడు దినాలు ఆ ఊసు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నా జీవితంలో అంత కష్టపడి ఊరుకున్నది ఆ మూడు దినాలే. 26న మామగారి కట్టు విప్పారు.

27న ఆట మధ్యలో మామగారు ఎత్తు వేసి చూస్తుంటే, అత్తమ్మ నా వైపు తిరగకుండా ఆయనతోనే మాట్లాడింది.

"కోడలు ట్రైనింగ్‌కు పోతనంటున్నది. శనివారం శనివారం కొడుకుతోని ఇంటికి రావాలె. పసుపు దినాలల్ల ఏడు దినాలు సెలవు పెట్టాలె. గట్లయితె నువ్వు సంతకం పెట్టు."

ఏడాదికి సెలవులు ఆరే అని ఫారం వెనక అచ్చు వేసి ఉంది. ఆ ఏడో దినం గురించి నేను నోరు తెరవలేదు.

మామగారు గుడ్డ వైపే చూస్తూ అడిగారు. "మరి నాతోని ఎవరు ఆడుతరు?"

"ఇన్ని దినాలు ఎవరి చెయ్యి ఆడింది? నేను లేనా?" అంది అత్తమ్మ.

కలం తెమ్మని మామగారు అత్తమ్మకు చెప్పారు. ఆమె చెప్పేదాకా ఆగి, పెట్టె తీసి ఫారం, కలం ఇచ్చాను. ఆయన పేరు రాసి కింద గీత గీశారు. అత్తమ్మ తన చోటు ఎక్కడ అని అడిగింది. చోటు లేదు. బొటనవేలికి సిరా రాసి సంతకం పక్కనే ఒత్తించాను.

మరునాడు శుక్రవారం అత్తమ్మా నేనూ మొదటి బస్సులో నిజామాబాదు పోయాం. ట్రైనింగ్ ఆఫీసులో ఒక గుమాస్తా ఫారం తిప్పి చూసి, ఇంటిపెద్ద అన్నచోట సంతకమూ వేలిముద్రా రెండూ ఎందుకున్నాయని అడిగాడు. నేను చెప్పబోయేలోపే అత్తమ్మ అందుకుంది.

"ఆయిన సంతకం పెట్టిండు. నేను ఒప్పుకున్న."

గుమాస్తా ముద్ర వేసి రసీదు చింపి ఇచ్చాడు. ఆమె దాన్ని మడిచి నడుం దగ్గర దోపుకుంది. ఆర్మూరులో బస్సు దిగేదాకా నా చేతికి ఇవ్వలేదు.