యూసుఫ్ దరఖాస్తు పట్టుకుని వాషింగ్టన్‌కి

2009 డిసెంబరులో డేటన్ నుంచి పొద్దున ఆరింటి బస్సు ఎక్కినప్పుడే నాకు ఒళ్ళు మండుతూ ఉంది. నా పక్కనున్న అరవై అయిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులతో, ఒక్క కాగితం ఇవ్వడానికి ఇంత దూరం పోవాలా! పోస్టులో పంపితే ఎక్కడ పోతుందోనని ఆయన భయం. గడువేమో ఆ నెలాఖరుకి అయిపోతుంది.

ఆయన పేరు యూసుఫ్. డేటన్‌లో మా అమ్మాయి వాళ్ళ పక్కింట్లో ఉంటాడు. అహిస్కా తుర్కు అనే జాతివాడు. వాళ్ళ నేల జార్జియాలో ఉంది, అంటే అట్లాంటా ఉన్న రాష్ట్రం కాదు, రష్యా పక్కనున్న దేశం. 1944లో సోవియట్ సైన్యం వాళ్ళ ఊళ్ళను ఖాళీ చేయించి, జనాన్ని గూడ్సు బండ్లలో కుక్కి ఉజ్బెకిస్తాన్ వైపు తోలేసింది. యూసుఫ్ కుటుంబం అక్కణ్ణుంచి రష్యాకి, రష్యా నుంచి ఒహాయోకి వచ్చిపడింది. ఇన్నాళ్ళకు జార్జియా, తిరిగి రాదలచినవాళ్ళు దరఖాస్తు పెట్టుకోండి అంది. నేను మండలాఫీసులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. కాగితాల సంగతి తెలుసు కదా అని తోడు రమ్మన్నాడు.

కొలంబస్‌లో ఒకసారి, పిట్స్‌బర్గ్‌లో ఒకసారి బస్సు మారాం. ఆయన భార్య కట్టిచ్చిన రొట్టె నేను తిన్నాను, మా అమ్మాయి పులిహోర ఆయన తిన్నాడు. పక్క సీటు ముసలావిడ “మీదే ఊరు?” అని అడిగితే యూసుఫ్ తడుముకోకుండా జార్జియాలోని ఊరి పేరే చెప్పాడు.

“డేటన్‌లో పుట్టిన నా మనవరాలు కూడా అదే చెబుతుంది. మావాళ్ళం అందరం అంతే,” అన్నాడు నాతో.

ఆ రాత్రి వాషింగ్టన్ బస్టాండు దగ్గర మోటెల్లో పడుకుని, మర్నాడు పదింటికల్లా ఈ దరఖాస్తులు తీసుకునే జార్జియా వాళ్ళ ఆఫీసుకి చేరాం. కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే ఉంది. ఆ మర్యాదే నా ప్రాణం తీసింది.

“పుట్టిన ఊరు అన్నచోట జార్జియాలోని ఊరు రాశారు. మీ పాస్‌పోర్టులో ఉజ్బెకిస్తాన్ అని ఉంది. మార్చి ఇవ్వండి, లేకపోతే తీసుకోలేను.”

“నేను బండిలో పుట్టాను,” అన్నాడు యూసుఫ్. “మా ఊళ్ళో ఎక్కించేటప్పుడు అమ్మ కడుపులో ఉన్నాను. పుట్టినప్పుడు పెట్టెకి బయట తాళం. ఏ ఊరు దాటుతున్నామో అమ్మకే తెలియదు. దించినచోటు పేరు వాళ్ళే రాసుకున్నారు.”

“దానికి ఇందులో గడి లేదు, సర్.”

“గడి లేదా!” కౌంటరు మీద చరిచాను. “నిండు గర్భిణిని గూడ్సు బండెక్కించడానికి ఏ గడి నింపారమ్మా?”

“ఎక్కించింది మేం కాదు. పన్నెండింటికి మూసేస్తాం,” అంది.

అంతే, నా గుమాస్తా బుద్ధి నిద్ర లేచింది. “ముందు పని కానివ్వండి యూసుఫ్‌గారూ! ఒక్క మాటేగా, రాసి పడేయండి,” అని నా పెన్ను తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఊరి పేరు కొట్టేసి ఉజ్బెకిస్తాన్ అని రాశాడు. ముద్ర పడింది, రసీదు వచ్చింది. పెద్ద ఘనకార్యం చేసినట్టు ఆయన వీపు తట్టాను కూడా.

ఒంటిగంటకి తిరుగు బస్సు. పెన్సిల్వేనియా కొండల్లోకి వచ్చాక ఆయన జేబులోంచి రసీదు తీసి చూసుకున్నాడు.

“మా ఊరికి వెళ్ళనివ్వమని అడగడానికి, నేను ఆ ఊరివాణ్ణి కానని సంతకం పెట్టాను,” అన్నాడు.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకి చెబుతున్నాను: బస్సులు వేళకే నడుస్తాయి, మోటెల్ శుభ్రంగా ఉంది, ఆఫీసు వెతుక్కోనక్కర్లేదు. ఆ గడులు గీసినవాళ్ళను తలుచుకుంటే ఇప్పటికీ నా రక్తం ఉడుకుతుంది. కానీ వాళ్ళెవరూ ఆయన చెయ్యి పట్టుకుని రాయించలేదు. రాయించింది నేను.