తపసి బంక, బిజిలీ తోక, మామగారి మీసం

మీ పెళ్ళిలో పప్పు మాడిందా? కరెంటు పోయిందా? సంతోషించండి. నా పెళ్ళిలో జరిగిన ఘోరం ముందు అవన్నీ దిగదుడుపే. తాళి కట్టకముందే మామగారి ముఖాన్ని గుర్రం తోకకు అతికించిన ఘనుణ్ణి నేను.

మాది టేకులపల్లి. అడవిలో చెట్ల నుంచి తీసిన తపసి బంక మా ఇంట్లో ఏడాది పొడవునా ఉండేది. నీళ్ళలో నానబెడితే ఉబ్బి జిగురవుతుంది. పుస్తకం అట్ట ఊడినా, గాలిపటం చిరిగినా మాకు అదే మందు. అప్పట్లో పెళ్ళి వీడియోలు సీడీల్లోకి ఎక్కుతున్న రోజులు. వైరా సంబంధం కుదరగానే, గుర్రం మీద ఊరేగితే తప్ప తాళి కట్టనని భీష్మించాను. ఖమ్మంలో పెళ్ళి గుర్రాలు కిరాయికి ఇచ్చే ఖలీల్ నా దోస్తు. అతని దగ్గర బిజిలీ అనే పడుచు గుర్రం ఉండేది. ఒళ్ళూ తెలుపే, నేలను ఊడ్చే తోకా తెలుపే. దానికి అదే మొదటి పెళ్ళి. నాకూ అంతే.

పెళ్ళినాడు పొద్దున విడిదింటి వెనక దాని తోక నేనే కడుగుతానన్నాను. ఖలీల్ పద్ధతి చెప్పాడు. కుంకుడు రసంతోనే రుద్దాలి, వెనక కాకుండా పక్కన నిలబడాలి, చిక్కులు కొసల నుంచి వేళ్ళతో తీసుకుంటూ పైకి రావాలి. బిజిలీ కళ్ళు అరమూసి హాయిగా నిలబడింది. ఆరాక ఆ తోక పట్టుకుచ్చులా విచ్చుకుంది. నాకు పట్టరాని సంతోషం కలిగింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

వీడియోలో తోక చెదిరిపోతే ఎలా అన్న బెంగ పట్టుకుంది. ఖలీల్ చాయ్ తాగడానికి వెళ్ళగానే, పందిట్లో కాగితం పూలు అంటించడానికి నానబెట్టిన బంక గిన్నె తెచ్చి తోకంతా పట్టించాను. ఎండకు ఆరి తళతళా మెరిసిపోయింది. ఖలీల్ వచ్చి చూసి, "ఏం పెట్టినవ్ భాయ్, గింత మెరుస్తుంది?" అన్నాడు.

"మా అడవి మందు," అన్నాను, మీసం లేకపోయినా మెలేస్తూ.

ఊరేగింపు అదిరింది. బ్యాండు మోగుతుంటే నేను గుర్రం మీద తేలిపోతున్నాను. ఎదురుకోళ్ళలో పన్నీరు చల్లుతారని మీకు తెలుసు. నాకూ తెలుసు, ఆ హుషారులో గుర్తుకు రాలేదు, అంతే. ఆడపెళ్ళివారు నామీదా, బిజిలీ మీదా పన్నీరు గుమ్మరించారు. తడి తగలగానే బంకకు ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే మామగారు జారిన కండువా తీసుకోవడానికి గుర్రం పక్కన వంగారు. ఆయన మీసానికి వైరాలో పెద్ద పేరు. పొద్దున్నే నల్లరంగు వేసి మెలితిప్పి వచ్చారు. బిజిలీ ఈగను తోలుకుంది.

తోక వెళ్ళింది గానీ తిరిగి రాలేదు.

బ్యాండు ఆగిపోయింది. బిజిలీ బెదిరి నాలుగడుగులు వేస్తే మామగారూ వేశారు. తోక కత్తిరించండని అందరూ అరుస్తుంటే ఖలీల్ అడ్డుపడ్డాడు. "తోక కోస్తే ఈ సీజన్ల దీన్ని ఎవరు పిలుస్తరు? మా ఇంటి బువ్వ ఇది."

తోక చాటు నుంచి మామగారి గొంతు వినిపించింది. "నా మీసం మీద చెయ్యేస్తే ఈ పెండ్లి లేదు."

తోక పోతే దోస్తు పోతాడు, మీసం పోతే పెళ్ళాం పోతుంది. దిగి పారిపోదామన్నా, ఎక్కించారే గానీ దిగడం నాకెవరూ నేర్పలేదు.

గోల విని పెళ్ళికూతురు సరళ బాసికంతోనే బయటికి వచ్చింది, చేతిలో కత్తెర. నావైపు కన్నెత్తి కూడా చూడలేదు. "నాయినా, మీసం నెలకు మొలుస్తది. తోకకు ఏండ్లు పడ్తది. కదలకు," అని టక్కున కత్తిరించింది.

మామగారు మిగిలిన సగం కూడా గీయించుకుని పీటల మీద కూర్చున్నారు. పంతులుగారు ఆయన్ను ఎగాదిగా చూసి, అమ్మాయి తండ్రిని పిలవమన్నారు.

బంకంతా కడిగినా ఆ నల్ల వెంట్రుకలు మాత్రం చిక్కుపడిపోయి ఊడలేదట. ఆ సీజనంతా మామగారి మీసం బిజిలీ తెల్ల తోకలో ఖమ్మం పెళ్ళిళ్ళన్నీ తిరిగింది. అది ఊరేగిన పెళ్ళికి ఆయన కూడా వెళితే, జనం ముందు తోకను పలకరించి, ఆ తరువాత ఆయన్ను పలకరించేవారు.

అందుకే అగ్నిసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ తోకకూ కుంకుడు రసం తప్ప మరేదీ రాయను. నమ్మకపోతే మానండి, మామగారు కూడా నమ్మలేదు. ఆయన మీసం మళ్ళీ ఏపుగా పెరిగింది గానీ, నేను గుమ్మంలో కాలు పెడితే ఇప్పటికీ దానికి చెయ్యి అడ్డం పెట్టుకునే కుశలం అడుగుతారు.