పెళ్లికొడుకు చెప్పుల మీద అయిదు వేళ్లు

దగ్గరికి జరిగి కూర్చోండి, నా తెలివితక్కువ పని ఒకటి చెబుతాను.

తెలంగాణ కోసం జనగామలో రోడ్ల మీదే వండుకు తింటూ వంటావార్పులు చేస్తున్న రోజులవి. తెల్లారితే మా చెల్లెలి పెళ్లి. అల్లుడి కోసం బాపు స్వయంగా చెప్పులు కుట్టి, రంగు వేయడానికి అరుగు మీద పెట్టాడు. నేనేమో వంటావార్పులో పులిహోర కలిపి వచ్చి, చేతులు కడగకుండానే వాటిని ఎత్తి మురిపెంగా చూసుకున్నాను.

బాపు రంగు పూస్తే తోలంతా ఎర్రబడింది గానీ, నా అయిదు వేళ్ల జాగా తెల్లగా మిగిలింది. ఇంకో పూత వేశాడు. వేళ్లు ఇంకా బాగా కనిపించాయి.

“రంగు ఖరాబున్నదా, తోలు ఖరాబున్నదా?” అని బాపు పరేషాన్ అయ్యాడు.

బాపు తల్లి, మా బాపమ్మ, నా చెయ్యి లాగి ఆ మచ్చ మీద ఆనించింది. సరిగ్గా సరిపోయింది.

“నీ బిడ్డ చెయ్యి ఖరాబున్నది కొడుకా! నూనె అంటినకాడ రంగెట్ల పడ్తది?”

“రేపు అల్లుని ముంగట నా ఇజ్జత్ పోతది గద బిడ్డా!” అన్నాడు బాపు.

ఆ చెప్పులను కుంకుడు రసంతో నూనె వదిలేదాకా కడిగాను. బాపు తోలంతా ఒకేలా తడిపి, పలుచటి రంగును గుడ్డతో గుండ్రంగా ముందు తెల్ల జాగాకు, తర్వాత మొత్తానికి పూశాడు. ఆరనిచ్చి మళ్లీ పూశాడు. సాయంత్రానికి ఒకటే రంగు!

మరునాడు పెళ్లికొడుకు బండి వంటావార్పు దగ్గరే ఆగిపోయింది. బాపు ఎదురువెళ్లి చెప్పులు చూపించాడు. పులిహోర తింటున్న అల్లుడు సంబరంగా అదే చేత్తో అందుకున్నాడు.

బాపు నా దిక్కు చూశాడు.

“గీ వేళ్లు నావి కావు బాపూ!” అన్నాను.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గడపలో చెప్పులు మచ్చ లేకుండా మెరవాలి, మీ పులిహోరకు నూనె తక్కువ కాకూడదు.