అతుకు కోయొద్దన్నాను

అమెరికాలోని ఇర్వింగ్‌లో వారమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. శనివారాలు మాత్రం గంటసేపు కారు నడిపి విమానాలు నిలిపే ఒక హ్యాంగర్‌కి వెళ్తాను. అక్కడ రెండో ప్రపంచయుద్ధం నాటి పెద్ద బాంబర్ విమానాన్ని మాలాంటి వాలంటీర్లు బాగుచేస్తున్నారు.

"ఇంట్లో బట్టలు మడతపెట్టే దిక్కులేదు, ఆ పాత రేకులతో నీకెందుకక్కా?" అంటుంది పక్క అపార్ట్‌మెంట్ అమ్మాయి. నా ఇష్టం అంటాను.

ఫ్యాక్టరీ డ్రాయింగులు ముందు పెట్టుకుని విమానాన్ని అంగుళం అంగుళం సరిచూడడం నా పని. తోకవైపు కిటికీ కింద ఒక అల్యూమినియం అతుకు కనిపించింది. డ్రాయింగ్‌లో అది లేదు. ఆఫీసు అలవాటు కొద్దీ 'డిఫెక్ట్' అని రాసేశాను. దాన్ని కోసి తీసేయాలని మా టీమ్ వాళ్లు నిర్ణయించారు.

తర్వాత శుక్రవారం రాత్రి, హ్యాంగర్ నుంచి ఇంటికి తెచ్చుకున్న ఒక పెట్టెలో ఈ విమానానికి చేసిన మార్పుల కాగితాలు దొరికాయి. యుద్ధంలో ఫ్యాక్టరీ లైను ఆపేవారు కాదు. పూర్తయిన విమానాన్ని మరో షెడ్డుకి పంపి, అక్కడ కోసి మార్చేవారు. దీనికీ కిటికీని పైకి జరిపి, పాత కంతను ఆ రేకుతో మూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌ని ఆపకుండా మార్పులు చేయడం ఆఫీసులో నేను రోజూ చూసేదే, అయినా తట్టలేదు.

శనివారం వెళ్లేసరికి మా టీమ్ పెద్దాయన, రిటైరైన మెషినిస్టు, కటర్ పట్టుకుని ఉన్నాడు. కాగితం చూపించాను.

"డిఫెక్ట్ అని నువ్వే రాశావు కదా" అన్నాడు ఇంగ్లీషులో.

"రాశాను. తప్పు రాశాను."

"షెడ్యూల్ ప్రకారం ఇవాళే కోయాలి."

నాకు ఒళ్లు మండిపోయింది. లోపలికి ఎక్కి, ఆ అతుక్కి వీపు ఆనించి కూర్చున్నాను. యుద్ధాన్నే తట్టుకున్న రేకు నా తొందరపాటుకి పోవాలా?

"లేవను. ఇది ఎవరో చేసిన పని. కోస్తే మళ్లీ రాదు" అన్నాను.

ఆయన వంగి, రేకును బిగించిన రివెట్ల మీద వేలు పోనిచ్చాడు.

"వద్దంటే నువ్వే సంతకం పెట్టాలి. రేపు తప్పని తేలితే నిన్నే అడుగుతారు."

"అడగనివ్వండి."

ఫారం ఇచ్చాడు. నా 'డిఫెక్ట్' మాటను కొట్టేసి, 'ఇది విమానంలో భాగం, కోయవద్దు' అని రాశాను. ఆఫీసులో నోరు తిరగక నా పేరును రెండక్షరాలకు కుదించేశారు. ఇక్కడ ఇంటిపేరుతో సహా మొత్తం రాశాను. గడి చాలలేదు. గీత దాటించి రాశాను.